నీలమ్మ వేసుకున్న మాల

నీలమ్మ ముక్కు సంగతి హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక బస్తీలో తెలియని వాళ్లు లేరు. కొడుకు మధు సందు మలుపు తిరిగాడంటే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి గడపలోకి వచ్చి నిలబడేది. వాడు చెప్పులు విడిచేలోపే మునివేళ్ల మీద లేచి, వాడి మూతి దగ్గరికి ముక్కు తెచ్చి, "ఊదు బిడ్డా" అనేది. ముప్పై ఏళ్ల మనిషి, గడ్డం మీసం ఉన్నవాడు, తల్లి ముఖం మీద ఊదేవాడు. వాసన రాకపోతే "కాళ్లు కడుక్కోని రా, అన్నం పెడత" అని అప్పుడు దారి ఇచ్చేది.

నీలమ్మ భర్త చంద్రయ్య నల్లగండ్లలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. ఎంత కష్టం వచ్చినా ఒక హాస్యం ఆడకుండా ఉండలేని మనిషి. "మాదాపూర్ చౌరస్తాల పోలీసోళ్లు శనివారం ఒక్కనాడే ఊదమంటరు. మా ఇంటి పోలీసుకు పండుగ లేదు, సెలవు లేదు" అనేవాడు.

ఆయన నవ్వాడని నీలమ్మ మానలేదు. ఆమెకు భయం ఊపిరితో పాటే పుట్టింది. ఆకాశంలో మబ్బు పడితే ఇంట్లోకి నీళ్లొస్తాయని భయం. ఫోను మోగితే ఏదో జరిగిందని భయం, మోగకపోతే జరగరానిదే జరిగిందని భయం. అచ్చంపేట దగ్గరి పల్లెలో ఐదో తరగతి దాకా చదివి, పెళ్లయ్యాక పట్నం వచ్చి, మాదాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగులో ఏడో అంతస్తు ఊడ్చి తుడిచే పనిలో కుదిరింది. ఇన్నేళ్లయినా లిఫ్టు ఎక్కేటప్పుడు తాడు తెగుతుందేమోనని ఒకసారి పైకి చూడందే కాలు పెట్టదు. అలాంటి మనిషికి దేవుడు మధు లాంటి కొడుకును ఇచ్చాడు.

మధు ఆఫీసు ఉద్యోగులను తిప్పే క్యాబు డ్రైవరు. వాడికి బాధలు రెండు. ఒకటి తాగుడు, అది బస్తీకంతా తెలుసు. రెండోది మనసుది. దానికి దవాఖానలో పెట్టిన ఇంగ్లీషు పేరు నీలమ్మ నోరు తిరగదు. ఆమెకు తెలిసింది ఒక్కటే: వాడి మనసు ఒక్కోసారి దారం తెగిన పతంగిలా ఎగిరిపోతుంది, ఒక్కోసారి బావిలో పడ్డ చెంబులా అడుగుకు పోతుంది. ఎగిరినప్పుడు వాడికి నిద్ర అక్కర్లేదు, అన్నం అక్కర్లేదు, ప్రపంచం అంతా వాడిదే. మునిగినప్పుడు గోడవైపు తిరిగి పడుకుంటాడు, పిలిస్తే పలకడు. ఎగిరినప్పుడు సంతోషానికి తాగేవాడు, మునిగినప్పుడు బాధకు తాగేవాడు. నీలమ్మకు మాత్రం కనిపించింది తాగుడే. ఎందుకంటే దానికి వాసన ఉంది. మనసుకు వాసన లేదు.

మధు రెండుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాడు. మాల వేసుకున్నన్నాళ్లూ చుక్క ముట్టలేదు. రెండుసార్లూ ఇరుముడి ఎత్తుకుని కొండకు పోయాడు. రెండుసార్లూ తిరుగు రైల్లోనే మాల తీసేసి, తోటి డ్రైవర్లతో సీసా విప్పాడు. ఇంటికి వచ్చాక తల్లి చేత మాల తీయించుకోవాలని పద్ధతి. మొదటిసారి నీలమ్మ పసుపు కుంకుమ, కొబ్బరికాయ పళ్లెంలో పెట్టుకుని గడపలో ఎదురుచూసింది. వచ్చిన వాడి మెడలో మాల లేదు, నోట్లో మాత్రం వాసన ఉంది.

కిందటేడు రెండోసారి వేసుకున్నప్పుడు సంగతి ఇంకా పాడైంది. తెల్లవారక ముందే చన్నీళ్ల స్నానం, ఒంటిపూట తిండి, పొద్దుపోయే దాకా భజనలు. దవాఖానలో మనసుకిచ్చిన గోలీలు మింగితే దీక్ష చెడుతుందని వాడంతట వాడే అవీ ఆపేశాడు. మనసు ఎగిరింది. ఆ ఎగిరిన మనసు మీద రైల్లో తాగుడు పడింది. స్టేషన్లో దిగిన మనిషిని నలుగురు పట్టుకుని దవాఖానకు తీసుకెళ్లాల్సి వచ్చింది. సోయి లేకుండా పడున్న కొడుకు మంచం పక్కన నిలబడి నీలమ్మ మొక్కుకుంది. "సామీ, నా బిడ్డను లేపు. వచ్చే ఏడు మల్ల మాల ఏయిస్త."

వాడు లేచాడు. డాక్టరు భార్గవమ్మ, గుంటూరు వైపు మనిషి, తల్లీ కొడుకులను ఎదురుగా కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. "దేవుడితో నాకేం పేచీ లేదండీ. నా పేచీ అంతా నిద్రతోనే. మీ అబ్బాయి నిద్ర తగ్గిందంటే మనసు లేస్తోందని అర్థం. ఈ మాత్రలు వేసుకునేవాళ్లు వేళకి తినాలి, నీళ్లు బాగా తాగాలి, ఉపవాసాలు పనికిరావు. తాగుడు ఒకటీ, ఇది ఒకటీ అని విడదీసి చూడకండి. రెండూ ఒక కాడికి కట్టిన ఎడ్లు."

నీలమ్మ తల ఊపింది. ఆమె చెవులకు అంతా వినబడింది గానీ కళ్లు మాత్రం కొడుకు నోటి మీదే ఉన్నాయి.

ఆ రోజు నుంచి మధు ఒక్క చుక్క ముట్టలేదు. గోలీలు వేళకు వేసుకున్నాడు. ఆదివారం ఆదివారం చందానగర్‌లో తాగుడు మానిన వాళ్ల మీటింగుకు పోయి వచ్చాడు. అక్కడ వాడికంటే ముందు మానిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. తాగాలనిపిస్తే ఏ వేళైనా ఆయనకు ఫోన్ చేయాలి, అదీ పద్ధతి. పగటి డ్యూటీ మాత్రమే చేయమని డాక్టరమ్మ రాసిచ్చింది, కంపెనీ ఒప్పుకుంది. అంతా చక్కగానే నడుస్తోంది. చక్కగా నడుస్తోందంటే నీలమ్మకు ఇంకా భయం. మంచి తర్వాత వచ్చేది చెడే కదా.

కార్తీకం వచ్చింది. బస్తీలో దండేల మీద నల్ల లుంగీలు ఆరాయి. నీలమ్మకు మొక్కు గుర్తుకొచ్చింది. కొడుకుతో ఒక మాట అనకుండా నల్ల బట్టలు కొన్నది, తులసి మాల కొన్నది, బియ్యం డబ్బా వెనక దాచింది. బస్తీలో ఏటా గుంపును కొండకు తీసుకుపోయే గురుస్వామి ఆంజనేయులు, ఆటో నడుపుతాడు. ఆయన్ని బుధవారం పొద్దున ఇంటికి రమ్మంది.

ఆంజనేయులు వచ్చి చాప మీద కూర్చునే సరికి మధు స్నానం చేసి తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. చాప మీద మాల, నల్ల బట్టలు, పళ్లెంలో విభూతి చూశాడు.

"ఏంది సామీ, పొద్దుగాల్నే? ఎవరికి మాల?"

"నీకే బిడ్డా. మీ అమ్మ అన్ని తెచ్చిపెట్టింది. నువ్వు తూర్పుకు తిరిగి కూసో."

మధు తల్లి వైపు తిరిగాడు. "నన్నడిగినవా అమ్మా?"

"అడిగితే వద్దంటవని అడుగలే."

"మల్ల వద్దనేటోనికి ఎట్ల ఏస్తవు?" వాడి గొంతు పెద్దగా లేవలేదు. తువ్వాలు దండెం మీద ఆరేసి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "సామి మీద నాకేం కోపం లేదు. రెండుసార్లు ఏసుకున్న. మాల ఉన్నన్ని దినాలు నా తాగుడును మాల పట్టుకున్నది, నేను పట్టుకోలే. మాల తీసినంక అది నా చేతులకొచ్చింది. పట్టుకునుడు నాకు రాదాయె. ఇప్పుడిప్పుడే నేర్సుకుంటున్న. నిద్ర చెడగొట్టుకోను, గోలీలు ఆపను. నేను ఏసుకోను."

"మొక్కురా! సామికి మొక్కిన! చెల్లియ్యకపోతే ఊకుంటడా? నీ బండికేమన్న అయితే? మీ నాయిన సైకిలు మీద పోతడు, లారీ ఏమన్న..."

"అగో, నన్నెందుకు లారీ కింద పెట్టినవే?" అన్నాడు మూలన చాయ తాగుతున్న చంద్రయ్య.

మధుకు నవ్వు రాలేదు. అప్పుడు వాడి గొంతు లేచింది. "మొక్కిందెవరమ్మా? నేను మంచం మీద సోయి లేకుంట పడున్న. నోటితోని మొక్కినదానివి నువ్వు. నువ్వే ఏసుకో పో!"

అంగీ తగిలించుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆంజనేయులు గడ్డం గోక్కున్నాడు.

"పోరడు కోపంల అన్నడు గని నీలమ్మక్కా, మాటల తప్పు లేదు. మొక్కినోళ్లు తీర్చుకోవాలె."

"ఆడిదాన్ని, నేనెట్ల ఏసుకుంట సామీ?"

"వయసు దాటినోళ్లు ఏసుకుంటరు. నిరుడు మా గుంపుల పెద్దమ్మలు రాలేదా? గని ఒక మాట. మాలంటే ఉత్త పూసలు గాదు. మనిషికి ఏది లేకుంటే చెయ్యి కాలు ఆడదో, అది ఇడువాలె. తాగెటోడు తాగుడు ఇడుస్తడు, బీడీ తాగెటోడు బీడీ ఇడుస్తడు. నువ్వేమిడుస్తవు?"

నీలమ్మ ఆలోచించింది. కల్లు ముట్టదు. కూర పండగకు పబ్బానికే. చాయ ఒక పూట లేకపోయినా నడుస్తుంది. ఏమీ తోచక భర్త వైపు చూసింది.

"దానికేమున్నదయ్యా," అన్నాడు చంద్రయ్య గ్లాసు కింద పెడుతూ, "కొడుకు నోరు వాసన సూసుడు లేకుంటే దానికి పొద్దు పోదు."

ఆంజనేయులు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "అయితే గదే ఇడువు అక్కా."

కొండ ఎక్కమన్నా ఎక్కేది, చన్నీళ్లలో మునగమన్నా మునిగేది. ఇది మాత్రం చేతకాదు. వాసన చూడకపోతే వాడు తాగడా? తాగితే ఎట్లా తెలుస్తుంది? తెలిసేసరికి... అక్కడి నుంచి ఆమె ఆలోచన ఎప్పటిలాగే దవాఖాన దాకా, దవాఖాన దాటి శ్మశానం దాకా పోయింది. అంత దూరం పోయి తిరిగి వచ్చాక, మొక్కు తీరకపోవడం కంటే ఇదే మేలనిపించింది. తూర్పుకు తిరిగి కూర్చుంది.

సాయంత్రం మధు వచ్చేసరికి గడపలో నల్లచీర కట్టుకున్న మనిషి నిలబడి ఉంది. మెడలో తులసి మాల, నుదుట విభూతి. మునివేళ్ల మీద లేవబోయి, మడమలు నేలకు ఆనించింది.

"రా సామీ. కాళ్లు కడుక్కో. అన్నం పెడత."

మధు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఊదడానికి కూడా సిద్ధంగానే తెరిచాడు. "నిజంగనే ఏసుకున్నవా?"

"నువ్వే చెప్తివి గద సామీ."

వాడు నవ్వాడు. చాలా కాలానికి నవ్వాడు. నీలమ్మకు ఆ నవ్వు కూడా భయమే వేసింది. తాగినవాడి నవ్వు కాదు కదా?

మాదాపూర్ ఆఫీసులో ఆ నెలంతా సగం మంది మెడల్లో రెండేసి ఉన్నాయి, ఒకటి మాల, ఇంకోటి ఐడీ కార్డు. సూట్ల వాళ్లు కూడా వట్టి కాళ్లతో చల్లని రాతి నేల మీద నడిచారు. ఎన్నడూ పలకరించని మేనేజర్లు లిఫ్టులో నీలమ్మను చూసి "స్వామి శరణం" అని చేతులు జోడించారు. "సామి శరణం" అంటూ ఆమె కూడా జోడించింది. మనసు మాత్రం ఇంట్లో దండెం మీద వేలాడే అంగీ దగ్గరే ఉంది.

మొదటి రోజులు ఎలాగో గడిచాయి. మధు వచ్చే వేళకు వంటింట్లోకి దూరి, గిన్నెలు కడుగుతూ, కడిగినవే మళ్లీ కడుగుతూ శరణాలు చెప్పుకునేది. చేతులు వణికేవి. నోరు ఎండిపోయేది. వాడు పక్కనుంచి పోతే మెడ దానంతట అదే అటు తిరిగేది.

ఒకనాడు మధు బయటికి పోయినప్పుడు వాడి అంగీ ఉతకడానికి తీసింది. ఉతకాలంటే తీయాలి కదా. తీస్తే మొహం దగ్గరికి వస్తుంది కదా. వస్తే తప్పు ఎవరిది? అలా నచ్చజెప్పుకుంటూ ముక్కుకు ఆనించింది.

మందు వాసన. కొద్దిగా కాదు. ఛాతీ మీద, చేతి మీద, గుప్పున.

నీలమ్మ అంగీతో సహా అక్కడే కూలబడింది. అయిపోయింది. అంతా అయిపోయింది. మళ్లీ దవాఖాన, మళ్లీ మంచం, మళ్లీ సోయి లేని ఆ ముఖం. సామి వదిలేశాడు. వదిలేయడా మరి? నోటితో విడిచానని ముక్కుతో దొంగతనం చేసింది.

మధు వచ్చేసరికి అంగీ ఒళ్లో పెట్టుకుని గడపలోనే ఉంది. ఆమెకు అడగాలంటే ముందు తన తప్పు చెప్పాలి. చెప్పింది. "సామీ, నేను దీక్ష చెడగొట్టిన. నీ అంగి వాసన సూసిన."

మధు పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "ఏం దొరికింది?"

"మందు."

"నిన్న గచ్చిబౌలిల ఒక సారెక్కిండు. ఆఫీసుల పార్టీ. చేతిల పిలాస్టిక్ గిలాసు. బ్రేకేస్తే అంత నా మీదికొచ్చింది." అని ఆగి, నేల వైపు చూశాడు. "అబద్ధమెందుకు, ఆ వాసనకు నా నోట్ల నీళ్లూరినయి. సారును దింపి, బండి పక్కకు పెట్టి, మా మీటింగు అన్నకు ఫోన్ చేసిన. చాన సేపు మాట్లాడిండు. అటెన్క ఇంటికొచ్చిన. తాగలే."

నీలమ్మ వాడి ముఖం చూసింది. ఇంతకాలం వాడి ముఖంలో ఆమె చూసింది నోరొక్కటే. ఇప్పుడు కళ్లు చూసింది. నిజం చెప్పే కళ్లు ఎలా ఉంటాయో తల్లికి ఎవరూ నేర్పక్కర్లేదు, చూడాలంతే.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పండుకుంటుంటివా?"

ఆమె ఒళ్లోని అంగీ మడత విప్పి, మళ్లీ మడత పెట్టింది.

"సరే గని," అన్నాడు మధు, "ఎట్ల జరిగింది? ముక్కుకాడికి ఎట్లొచ్చింది అంగి?"

"ఉతుకుదామని తీసిన. సబ్బు పెట్టే ముంగట ఎట్లనో తాకింది."

మధు పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "మందు దుకాణం ముంగట్నుంచి పోతుంటే కాళ్లే ఎట్లనో లోపటికి పోయినయని నేను చెప్తుంటి గద! గా సాకులన్ని నావే. అన్ని నాకు తెల్సు సామీ." తల్లి ఒళ్లోంచి అంగీ తీసుకున్నాడు. "విను. జన్మంత ఇడుస్త అనుకుంటే నీతోని గాదు. ఇయ్యాల్టి మందమే ఇడువు. రేపటి ఫికర్ రేపు చేద్దాం. మస్తుగ సూడబుద్ధైతే, భయమైతే నాకు ఫోన్ చెయ్యి."

"నీ వాసన సూడబుద్ధైతే నీకే ఫోన్ చెయ్యాల్నా?"

"నాకంటే ముంగట మానినోడు నీకెవడున్నడు మరి?"

అలా కొడుకు తల్లికి పెద్దదిక్కయ్యాడు. నీలమ్మ ఫోన్లు మొదలయ్యాయి. ఒక సాయంత్రం కొండాపూర్ ట్రాఫిక్‌లో బండిలో ముగ్గురు అమ్మాయిలుండగా ఫోను స్పీకర్లో మోగింది. "సామీ, నీ తువ్వాల దండెం మీదున్నది. నాకు చెయ్యి ఆగుతలేదు!" అని బండంతా వినబడింది. ఇంటికి వచ్చాక మధు ఆ సంగతి తండ్రికి చెప్పి నవ్వించాడు.

"పాపం ఒక పిల్ల ఏమైందన్నా అనడిగింది. మా అమ్మ మానేస్తున్నదమ్మా అన్న. సిగిరెట్టా అన్నది. గసుంటిదే అన్న."

"బీడీ కంటే కష్టమని చెప్పకపోయినవు," అన్నాడు చంద్రయ్య.

ఇంతలో కొండకు పోయే రోజులు దగ్గరపడ్డాయి. అయ్యప్ప సీజనులో క్యాబు కంపెనీలకు ఏటా వచ్చే కష్టమే మధు కంపెనీకీ వచ్చింది. డ్రైవర్లలో సగం మంది ఇరుముడితో రైలెక్కారు. మిగిలిన వాళ్లను బతిమాలి, రాత్రి ట్రిప్పులు కూడా వేశారు. మధు వద్దనలేదు. "కొన్ని దినాలే గదా" అన్నాడు. పగలు తిరిగి, రాత్రి తిరిగి, పొద్దున వచ్చి రెండు గంటలు ఒరిగి లేచేవాడు. అలసట లేదు. పాటలు పాడేవాడు. బండిని ఒకసారి కడిగి, ఆరకముందే మళ్లీ కడిగేవాడు. తల్లి లేచేసరికి ఇల్లంతా తుడిచి ఉండేది.

చంద్రయ్య సంబరపడ్డాడు. "పోరడు హుషారైండు. దిష్టి పెట్టకే."

పాత నీలమ్మయితే వాడి నోరు వాసన చూసేది, ఏమీ రాలేదని దేవుడికి దండం పెట్టి హాయిగా పడుకునేది. కిందటేడు అచ్చం అదే చేసింది. మాలలో ఉన్న కొడుకు నోట్లో తులసి వాసన, విభూతి వాసన చూసి మురిసింది. లోపల మనసు ఎగిరిపోతుంటే ముక్కుకు అందలేదు. ఇప్పుడు ముక్కుకు పని లేదు. అందుకని కళ్లకు పని పడింది. వాడి చాయ గ్లాసులో మీగడ కట్టడం చూసింది. కూర్చుంటే మోకాలు ఆగకుండా ఆడటం చూసింది. ఒక మాట పూర్తి కాకుండా ఇంకో మాట ఎక్కడం విన్నది.

ఒక రోజు పొద్దున డ్యూటీ దిగి వచ్చి మధు కూర్చోలేదు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెబుతున్నాడు. "ఐదు బండ్లు తీస్త అమ్మా. అన్ని పెద్దయి. డ్రైవర్లను పెడత. నువ్వు ఊడ్చుడు బంద్. నాయిన గేటుకాడ కూసునుడు బంద్. ఈ దునియల ఎవనికి రాని ఆలోచన నాకొచ్చింది."

నీలమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. "సామీ, జర కూసో. నువ్వు పండుకుంటలేవు."

వాడు గిరుక్కున తిరిగాడు. కళ్లలో ఎరుపు, మెరుపు. "మల్ల మొదలువెట్టినవా పోలీసుదానం? తాగిన్నా నేను? సూడు! సూడు!" అని ఆమె ముఖం మీదికి వంగి గట్టిగా ఊదాడు.

ఇన్నాళ్లూ ఆమె అడిగి తీసుకున్నదాన్ని వాడు అడక్కుండా ఇచ్చాడు. నీలమ్మ తల పక్కకు తిప్పుకుంది. దీక్షలో ఉన్న మనిషి తిట్టకూడదు, అరవకూడదు. ఏం చేయాలి? వాడే చెప్పాడు కదా ఏం చేయాలో. కొంగు ముడి విప్పి, ఫోను తీసి, వేలు పెట్టి నొక్కింది.

ఎదురుగా నిలబడ్డ మధు జేబులో ఫోను మోగింది.

వాడు తీసి చూశాడు. తల్లి పేరు. ఎదురుగా తల్లి, చెవి దగ్గర ఫోను. "ఇదేందమ్మా? ముంగటనే ఉంటివి."

ఆమె ఫోను చెవి దగ్గరి నుంచి తీయలేదు. ఫోను మోగుతూనే ఉంది. మీటింగులో వాడు నేర్చుకున్న పద్ధతి ఒకటే, ఫోను వస్తే ఎత్తాలి. అవతల మనిషి ఎలాంటి ఒడ్డున నిలబడి చేశాడో తెలియదు కాబట్టి ఎత్తి తీరాలి. మధు కాసేపు చూసి, చూసి, ఎత్తాడు.

"చెప్పు."

"సామీ, నాకు భయమైతున్నది," అన్నది నీలమ్మ ఫోన్లో. "భయమైతే చెయ్యమన్నవని చేసిన. నా కొడుకు తాగలేదు, నాకు తెల్సు. వాని నోరు నేను సూస్తలేను. కండ్లు సూస్తున్న. కండ్లల్ల నిద్ర లేదు. చాయ తాగుతలేడు. పోయినేడు కూడ గిట్లనే మురిసిండు, గిట్లనే బండ్లు కొంటనన్నడు. అప్పుడు నాకు సూసుడు రాలేదు. ఇప్పుడొచ్చింది. నేనేం చెయ్యాలె, నువ్వే చెప్పు."

మధు ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. అటూ ఇటూ తిరిగే కాళ్లు ఆగాయి. మెల్లగా చాప మీద కూర్చున్నాడు. మోకాలు ఆడుతోంది. దాని మీద తన చెయ్యే పెట్టి అదుముకున్నాడు.

"వాణ్ని ఇయ్యాల్నే డాక్టరమ్మ కాడికి పొమ్మను," అన్నాడు ఫోన్లోనే.

"పొమ్మంటే పోతడా?"

బయట లోకల్ రైలు వచ్చి ఆగి పోయింది.

"పోతడు."

పోయాడు. కంపెనీకి వాడే ఫోన్ చేసి రాత్రి ట్రిప్పులు తన వల్ల కావన్నాడు. సూపర్‌వైజరు గొణిగితే, "నాకు జబ్బున్నది సార్. నిద్రే నా మందు" అని మొహమాటం లేకుండా చెప్పాడు. జబ్బు పేరు బయటపెడితే పని పోతుందని నీలమ్మ వణికింది. పని పోలేదు. నాలుగు రోజులు ఇంట్లో ఉండి రమ్మన్నారు.

భార్గవమ్మ రక్తం పరీక్ష చేయించి, రాత్రి గోలీ కొంచెం పెంచి, ఎవరు కనిపెట్టారని అడిగింది. మధు తల్లిని చూపించాడు.

"ముక్కుతో కాదు కదండీ?" అన్నది డాక్టరమ్మ నవ్వుతూ. "పోయినేడు మేడ మీదికి ఎక్కాక తీసుకొచ్చారు. ఈసారి మొదటి మెట్టు మీదే పట్టుకున్నారు. ఇది మళ్లీ రావచ్చమ్మా, రాదని నేను చెప్పను. వస్తే ఇలాగే పట్టుకుందాం."

మళ్లీ రావచ్చన్న మాటకు పాత నీలమ్మ అయితే అక్కడే ఏడ్చేది. ఈ నీలమ్మకూ భయమేసింది గానీ, పట్టుకుందాం అన్న మాట దాని పక్కనే నిలబడింది.

మధు కుదుటపడ్డాక ఆమె ఇరుముడి కట్టుకుంది. రైలు బోల్తా పడుతుందేమో, కొండ మీద తొక్కిసలాట అవుతుందేమో, తాను లేనప్పుడు ఇంట్లో గ్యాసు పేలుతుందేమో అని భయపడుతూనే ఎక్కింది. "నువ్వు పో సామీ," అన్నాడు మధు కిటికీ పక్కన నిలబడి. "అన్నం తింట, గోలీలేసుకుంట, పండుకుంట. నీకు భయమైతే ఫోనున్నది." దారి పొడుగునా ఫోను చేతిలోనే పట్టుకుంది. చేసింది మాత్రం రోజుకొక్కసారి. కొండ మీద అంత గుంపులో సామి ముందు నిలబడ్డప్పుడు ఏమడగాలో గుర్తుకు రాలేదు. "మొక్కు తీరింది సామీ, లెక్క సరి" అని మాత్రం చెప్పుకుని దిగింది.

తిరుగు రైల్లో గుంపులో కొందరు మాలలు తీసేశారు. "నువ్వు కూడ తియ్యరాదే నీలమ్మక్కా, ఇంకెంత దూరం?" అన్నారు. ఆమె తీయలేదు. హఫీజ్‌పేట్‌లో దిగేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. స్టేషన్ బయట హనుమంతుడి గుడి ముందు మధు మోటారు సైకిలు ఆపుకుని నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ అంగీ, దువ్విన తల.

"తల్లి చేత తీయించుకోవాలంటరు," అన్నది నీలమ్మ ఇరుముడి అరుగు మీద దించి. "నాకు తల్లి లేదు. నువ్వే తియ్యి సామీ."

గురుస్వామి ఆంజనేయులు మంత్రం చెప్పాడు. మధు రెండు చేతులతో తల్లి మెడలోంచి మాల ఎత్తాడు. పూసలు జడ ముడికి చిక్కుకున్నాయి. విడదీయడానికి వాడు బాగా వంగాల్సి వచ్చింది. వాడి మూతి ఆమె ముక్కుకు జానెడు దూరంలో ఆగింది.

మాల చేతికి వచ్చింది. మధు అలాగే వంగి ఉండి కన్ను గీటాడు. "ఇగ మాల లేదు, దీక్ష లేదు. ఊదాల్నా?"

ఆంజనేయులు కూడా ఆగి చూశాడు. నీలమ్మ కొడుకు చెంప మీద మెత్తగా ఒకటి వేసింది.

"నోరు మూసుకోని బండి తియ్యి. తినే యాళ్లయింది. గోలీల యాళ్ల తప్పుతది."

వాడు నవ్వుతూ బండి ఎక్కాడు. ఆమె వెనక కూర్చుంది. బండి కదిలాక వాడి వీపు ఆమె ముక్కుకు ఎదురుగానే ఉంది, గాలి అంతా వాడి మీదుగానే వస్తోంది. నీలమ్మ తల పక్కకు వంచి, హ్యాండిల్ మీది చిన్న అద్దంలోకి చూసింది. అందులో మధు కళ్లు కనిపించాయి. రాత్రంతా నిద్రపోయిన కళ్లు.